పదకొండో మచ్చ

నాకు చిన్నప్పటి నుంచీ కళ్లు మంచివని పేరు. మర్పల్లిలో మా చేను గట్టు మీద నిలబడితే, దూరాన దుమ్ము లేపుకుంటూ వచ్చే బండి ఎవరిదో ఎద్దుల కొమ్ములను బట్టి చెప్పేవాణ్ణి. పెద్దవాళ్లు మెచ్చుకునేవారు, నేను ఉబ్బిపోయేవాణ్ణి. ఆ కళ్లే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టాయి. ముప్ఫై ఏళ్లకు పైగా వాటి మీదే బతికాను. అవి నన్ను నిలువునా ముంచబోయిన ఒక వారం గురించి ఇప్పుడు చెబుతాను. ముంచబోయింది కళ్లు కాదు, నువ్వే అని మీలో తెలివైనవాళ్లు సగంలోనే కనిపెడతారు. కనిపెట్టండి, నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఆకాశాన్ని కంప్యూటరు తెర మీద చూస్తున్నారు. నిన్నటి బొమ్మకూ ఇవాళ్టి బొమ్మకూ తేడా ఏమిటో యంత్రమే చెబుతుంది. మా రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, ఆ యంత్రం నేనే. అప్పట్లో ఒక పెద్ద దుర్భిణిని ఎక్కడ నిలబెట్టాలా అని మంచి ఆకాశం కోసం వెతుకుతున్నారు. వికారాబాదు దగ్గర అనంతగిరి గుట్ట మీద ఒక మకాం, తాండూరు ఊరవతల బండల గనుల దాపున ఇంకో మకాం వేశారు. రెండు చోట్లా ఒకే రకం చిన్న దుర్భిణి, దానికి బిగించిన కెమెరా. అమావాస్య ముందూ వెనకా, రెండు మకాముల వాళ్లూ ఒకే రాత్రి, ఒకే గంటలో, ఆకాశంలో ఒకే ముక్కను గాజు పలక మీద ఫోటో తీయాలి. ఏ పలక మీద ఎక్కువ చుక్కలు పడితే ఆ ఊరి ఆకాశం మంచిదన్నమాట.

ఆ చుక్కలు లెక్కపెట్టడం నా పని. వికారాబాదు మకాములో కిటికీ పక్కన ఒక బల్ల, బల్లలో పాలగాజు, దాని కింద దీపం. పలకను దాని మీద పెట్టి, కంటికి భూతద్దం ఆనించి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూస్తూ కూర్చునేవాణ్ణి. ఫోటో పలక మీద అన్నీ తారుమారు. ఆకాశం తెల్లగా ఉంటుంది, చుక్కలు నల్లగా ఉంటాయి. నెల తిరిగేసరికి అన్నం మెతుకుల్లో కూడా నల్ల చుక్కలు కనిపించడం మొదలైంది. మా అమ్మ వండిన అన్నంలో రాయి ఉందని చెప్పి తిట్లు కూడా తిన్నాను.

పలకలను చీకటిగదిలో మందునీళ్లతో కడిగి బొమ్మ తేల్చే పని మాత్రం చాచాది. అందరం ఆయన్ని చాచా అనే పిలిచేవాళ్లం. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. తాండూరులో ఒక ఫోటో స్టూడియోలో మొదలుపెట్టి, నలభై ఏళ్లుగా చీకటిగదుల్లోనే పనిచేసినవాడు. గోళ్లు మందునీళ్లకు గోధుమరంగు తేలి ఉండేవి. పలక మందు పూసిన వైపేదో, గాజు వైపేదో చీకట్లో తెలుసుకోవడానికి దాని మూలను పెదవికి తాకించేవాడు. మందు వైపైతే పెదవికి అంటుకుంటుంది. మందునీళ్లను మల్లుగుడ్డలో రెండుసార్లు వడగట్టనిదే పని మొదలుపెట్టేవాడు కాదు. చెప్పులతో చీకటిగదిలోకి అడుగుపెడితే మకాం నడిపే మా పెద్దసారునైనా సరే, వెనక్కి పంపేవాడు. ఉద్యోగం నిండటానికి ఆయనకింకా రెండేళ్లున్నాయి.

ఆ ఎండాకాలం పలకల మీద మచ్చలు ఎక్కువయ్యాయని పెద్దసారుకు అనుమానం వచ్చింది. ఆయన మంచివాడే. కాకపోతే ఆయన కోపం కూడా టైపు కొట్టినట్టు ఉండేది, తప్పులుండవు, తిరుగుండదు. నన్ను పిలిచి, రెండు నెలల పలకలన్నీ తిరగేసి మచ్చల పట్టిక రాసిమ్మన్నారు. నాకు ఇరవై రెండేళ్లు. ఇన్నాళ్లకు పెద్దసారు కంట్లో పడ్డానన్న ఆనందం ఒకటి. ఎన్ని మచ్చలు పట్టిస్తే నా చూపు అంత పదునని ఆయన అనుకుంటారన్న ఆశ ఇంకొకటి. ఆ పట్టిక ఎవరి మెడకు చుట్టుకుంటుందో నాకు తెలియదని ఇన్నేళ్ల తర్వాత అబద్ధమాడలేను. సగం తెలుసు. మిగతా సగం తెలుసుకోలేదు.

పది మచ్చలు దొరికాయి. పది కన్నా పదకొండు బాగుంటుందనిపించింది. చివరి పలకలో, కన్యారాశి వైపు తీసిన దానిలో, ఒక మసక అంచున నల్ల చుక్క కనబడింది. ఆ మసక ఒక గెలాక్సీ. మన పాలపుంత లాంటిదే ఇంకొకటి, కోట్లాది సూర్యులున్నది, మా పలక మీద మాత్రం వేలితో రాసిన బూడిదంత. అంతకుముందు దాని అంచున ఏ చుక్కా చూసిన గుర్తు లేదు. మచ్చ అని రాసేశాను. పాత పలక తీసి పక్కన పెట్టి పోల్చి చూడాలి, అదే నా ఉద్యోగం. పాత పలకలున్న బీరువా నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. నేను లేవలేదు.

గురువారం మధ్యాహ్నం చాచా చేతిలో ఒక కాగితంతో నా బల్ల దగ్గరికి వచ్చాడు. పెద్దసారు ఆ పొద్దున్నే, కొత్తమనిషిని మాట్లాడటానికి హైదరాబాదు బండెక్కారు. శనివారం సాయంత్రానికి గానీ రారు.

"బేటా, గీ కాగితంల ఏమున్నదో జర చదువు. ఇంగ్లీషుల ఉన్నదంట."

చదివాను. పలకల మీద పదకొండు మచ్చలు తేలినందువల్ల, పనిలో అశ్రద్ధ రుజువైనందువల్ల, శనివారంతో ఆయన ఉద్యోగం ముగిసిందని, అప్పటి వరకూ పలకలను ముట్టరాదని ఉంది. తెలుగులో చెప్పాను.

"పదకొండా?" అన్నాడు చాచా. "గన్ని ఎవరు రాసిన్రు?"

"ఆఫీసుల రాసిన్రు చాచా" అన్నాను. ఆ ఆఫీసులో ఆ రోజు ఆయనా నేనూ తప్ప ఎవరూ లేరు.

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "నౌకరీ పోతె పోనియ్యి. ఇంట్ల కూసోని తింట. నలభై ఏండ్ల పనిల గలీజున్నదని రాసిన్రు సూడు, గా మాట ఇంటికి తీస్కపోలేను. పలకలు తియ్యి. ఒక్కొక్కటి చూస్త."

తీశాను. కుర్చీలో కూర్చుని, ఒక్కో పలకా ఒళ్లో పెట్టుకుని, "మచ్చ ఏడున్నదో నా వేలు పట్టి పెట్టు" అన్నాడు. పెద్దవాళ్ల చాదస్తం అనుకుని ఆయన చూపుడువేలు పట్టి ఒక్కో మచ్చ మీద పెట్టాను. వేలి కొసతో గాలి తాకినంత తేలిగ్గా నిమిరేవాడు. ఏ మచ్చ ఎలా వచ్చిందో చెబుతూ పోయాడు. ఇది ఆరేటప్పుడు పడ్డ దుమ్ము. ఇది ఫ్యాక్టరీలోనే వచ్చిన బొక్క. ఇది కెమెరాలో బిగించేటప్పుడు గీసుకుంది. నాలుగు మచ్చల దగ్గర మాత్రం ఆగి, "గిది నా తప్పే, రాసుకో" అన్నాడు. అడగకుండానే నాలుగు తప్పులు తన మీద వేసుకున్నవాణ్ణి నా ఉద్యోగ జీవితంలో మళ్లీ చూడలేదు.

పదకొండోదాని మీద వేలు పెట్టాక చాలాసేపు నిమిరాడు.

"గీడ ఏం లేదు బేటా."

"నల్లగ కనవడ్తనే ఉన్నది గద చాచా."

"కంటికుంటదేమో. చేతికి లేదు. దుమ్మయితె గరుకుంటది, బొక్కయితె పల్లముంటది. గిది సాఫుగున్నది. చుక్కలున్న కాడ గిట్లనే ఉంటది."

విసుగ్గానే లేచాను. ఆ నాలుగడుగులూ వేసి, బీరువా తెరిచి, నిరుడు అదే నెలలో తీసిన పలకను తెచ్చి పక్కన పెట్టాను. అదే మసక. చుట్టూ అవే చుక్కలు. అంచున మాత్రం ఏమీ లేదు. ఇటు చూశాను, అటు చూశాను. భూతద్దం తుడిచి మళ్లీ చూశాను.

ఒక నక్షత్రం ఆయువు తీరి పేలిపోతే దాన్ని సూపర్‌నోవా అంటారు. కొన్ని వారాల పాటు ఆ ఒక్క నక్షత్రం తన గెలాక్సీ మొత్తంతో పోటీపడి వెలుగుతుంది, తర్వాత మెల్లగా ఆరిపోతుంది. అలాంటిది ఒకటి, కోట్ల ఏళ్ల కిందట పేలి, ఆ వెలుతురు ఇన్నాళ్లకు అనంతగిరి గుట్ట మీద మా గాజు పలక మీద వాలితే, నేను దాన్ని అశ్రద్ధ పట్టికలో పదకొండో నంబరు వేసి రాసిపెట్టాను.

సంతోషం వెంటనే రాలేదు, భయమే వచ్చింది. ఒక్క పలక సాక్ష్యం చాలదు. మందునీళ్లలో కరగని నలుసు ఒకటి పడినా ఇలాంటి నల్ల చుక్కే వస్తుంది, అది చేతికి కూడా తగలదు. చాచా మల్లుగుడ్డ మీద నాకు నమ్మకమే, లోకానికి ఆ గుడ్డ సంగతి ఏం తెలుసు? ఇంకో పలక తీద్దామంటే, పగలు ఎండ మండుతున్నా, పది రోజులుగా రాత్రయ్యేసరికి గుట్ట మీద మబ్బులు. తొలకరి ముందుగానే వచ్చేలా ఉంది. మబ్బు విడిచేసరికి కన్యారాశి పడమట దిగిపోతుంది, చుక్క ఆరిపోతుంది. అప్పుడు చాచా మీద పడ్డ మాట అలాగే ఉండిపోతుంది. మచ్చేనని అందరూ అంటారు, నేనే రాశాను కదా.

ఇదంతా ఆయనకు చెప్పాను, పట్టిక ఎవరు రాశారన్నది తప్ప. శ్రద్ధగా విన్నాడు. నక్షత్రాలు చస్తాయంటే కొంచెం ఆశ్చర్యపడ్డాడు. తర్వాత అడిగాడు: "గా రాత్రి తాండూరోళ్లు గూడ తీసిన్రు గద? రివాజు అదేనాయె. గా పెట్టె ఇంక నా చేతికి రాలే."

నిజమే. తాండూరులో చీకటిగది లేదు. అక్కడ తీసిన పలకలను కడగకుండానే రేకు పెట్టెలో పెట్టి వారానికోసారి రైల్లో మాకు పంపేవారు. చివరి వారం పెట్టె రాలేదు. తాండూరు మకాం ఎత్తేస్తున్నారు, గనుల దుమ్ము తట్టుకోలేక. ఫోటోలు తీసే ఆయనకు బదిలీ అయింది. అక్కడ కావలి మనిషొక్కడే మిగిలాడు. ఒకే రాత్రి, ఒకే గంటలో, పాతిక మైళ్ల దూరంలో తీసిన రెండో పలక మీద కూడా అదే చోట చుక్క ఉంటే, అది నలుసు కాదు. ఒకే నలుసు రెండు ఊళ్లలో పడదు.

శుక్రవారం పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాను. దారి పొడుగునా ఒకటే లెక్క. ఎండకు కాగిన రేకు పెట్టెలో, కడగని పలక ఎన్నాళ్లు బతుకుతుంది? పది రోజులంటే, తాండూరు ఎండల్లో మనుషులే బతకడం కష్టం. స్టేషను దిగి, పట్టాల పక్కన పేర్చిన బండల వరసలు దాటుకుంటూ మకాముకు పోయేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. డేరా విప్పేశారు. దుర్భిణి నిలబెట్టిన ఇటుకల దిమ్మె ఒక్కటే ఉంది. దాని నీడలో కావలి ఆయన కూర్చుని ఉన్నాడు. దౌల్తాబాదు వైపు మనిషి, తాతల నాటి నుంచీ గొర్ల కాపర్లు. మందను తమ్ముడికి అప్పగించి ఈ కొలువులో చేరాడు.

"పెట్టె ఏది కాకా?"

ఆయన నేల చూపించాడు. రెండు బండలు పక్కపక్కన పరిచి ఉన్నాయి, వాటి మీద ఎండుగడ్డి. బండలు ఎత్తితే మోకాలి లోతు గుంత. గుంతలో గొంగడి, గొంగడిలో పెట్టె. చెయ్యి పెడితే సాయంత్రం గాలిలా చల్లగా ఉంది.

"పోయే సారు ఎండ తాకనియ్యకు అన్నడు. గొర్రెపిల్లయితె నీడకు తోల్త. గీ పెట్టెనేడికి తోలాలె? గందుకే కిందికి దించిన."

"తెరిచి గిట్ల చూసినవా?"

"తెరిస్తె లోపటియి సచ్చిపోతయంట గద సారు. నేనెందుకు ముడ్త?" అన్నాడు కొంచెం నొచ్చుకుని.

ఆ మనిషికి చేతులెత్తి దండం పెట్టాను. ఎందుకు పెట్టానో ఆయనకు అర్థం కాలేదు, నాకు చెప్పే ఓపిక లేదు. పెట్టెను గొంగడితో సహా ఇచ్చి, "గొంగడి మాత్రం మల్ల పంపుండ్రి" అన్నాడు. సాయంత్రం బండిలో దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఎదుటి సీటు ముసలమ్మ "పెరుగా బిడ్డా? ఒలికితదని పట్టుకున్నవా?" అని అడిగింది. అవునన్నాను.

శనివారం పొద్దున చీకటిగది తలుపు ముందు నిలబడ్డాం. రాత్రంతా తడిగుడ్డలు చుట్టి చల్లబరిచిన కుండల్లో నీళ్లు సిద్ధంగా ఉన్నాయి. నీళ్లు వెచ్చబడితే పలక మీది మందు మైనంలా జారిపోతుంది. ముట్టరాదన్న ఉత్తరువు చాచా జేబులో ఉంది, నా మనసులోనూ ఉంది. అయినా ఆయన చేతే కడిగించాలని నిశ్చయించుకునే వచ్చాను. గడప దగ్గర ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"బేటా, లోపటికి పోయే ముందుగాల ఒక మాట. నాకు కండ్లు కనవడ్తలెవ్వు."

"అంటే?"

"పొర వచ్చింది. ఆరు నెల్లాయె. మనుషులు నీడల లెక్క అగుపడ్తరు. సన్నటిది ఏం కనవడదు. మొన్న నువ్వు వేలు పట్టి పెడితేనే గద మచ్చలు చూసిన. సాబ్‌కు తెలిస్తె పంపిస్తడని చెప్పలే. నీకు చెప్పకుంట గీ పలక ముడితె తప్పయితది. ఫైసలా నువ్వే చెయ్యి."

ఆ నిమిషం నాకు ఇప్పటికీ గుర్తుంది. పెట్టె నా చంకలో ఉంది. లోకంలో ఆ రాత్రికి మిగిలిన రెండో సాక్ష్యం అదొక్కటే. పాడైతే నక్షత్రమూ పోతుంది, ఆయన పరువూ పోతుంది, ఆయన చేత ముట్టించినందుకు నా ఉద్యోగమూ పోతుంది. నేను శిక్షణలో మూడు పలకలు కడిగాను, రెండు బాగానే వచ్చాయి. నాకు కళ్లున్నాయి.

"మరి ఆర్నెల్ల సంది ఎట్ల కడిగినవ్ చాచా?"

"లోపట నీకు మాత్రం కనవడ్తదా?" అన్నాడు మెల్లగా.

ఆ పలకలకు ఎర్రదీపం కూడా పనికిరాదు, పూర్తి చీకట్లో కడగాలి. పెట్టె ఆయన చేతిలో పెట్టాను.

తలుపు మూసుకున్నాక మొట్టమొదట జరిగింది, నా కాలు తగిలి ఒక నీళ్ల కుండ దొర్లడం. "నువ్వు చేతులు కట్టుకోని గోడకు నిలవడు బేటా" అన్న మాట చీకట్లోంచి వినబడింది. నిలబడ్డాను. నా జేబులో ఉష్ణమాపకం ఉంది, చూసేందుకు వెలుతురు లేదు. ఆయన మణికట్టు నీళ్లలో ముంచిన చప్పుడైంది. "జర వెచ్చగున్నది" అని ఒక కుండ పక్కన పెట్టి ఇంకోటి ఒంపాడు. పెట్టె మూత తెరిచి, చివరి రాత్రిది గనక అన్నిటి కన్నా పైనున్న పలకను తీసిన చప్పుడు, నల్లకాగితం విప్పిన చప్పుడు, పెదవికి పలక తాకించుకున్న చిన్న చప్పుడు. తర్వాత మందునీళ్లు పళ్లెంలో అటూ ఇటూ ఊగుతున్న అల. ఏక్, దో, తీన్ అంటూ లోగొంతుకతో లెక్క. ఒక్కసారి కూడా ఆ అల ఆగలేదు, తొందరపడలేదు. ఆ గదిలో గుడ్డివాణ్ణి నేనే అని అప్పుడు తెలిసింది. నా కళ్లను చూసి నేను పడ్డ గర్వం తలుచుకుని, ఎవరూ చూడకపోయినా సిగ్గుపడ్డాను.

తేలిన బొమ్మను చెరగకుండా నిలిపే హైపో నీళ్లలోంచి పలక తీశాక "గిప్పుడు దీపం పెట్టు" అన్నాడు. తడి పలకను దీపానికి ఎదురుగా పట్టి భూతద్దం ఆనించాను. మసక దొరకడానికి కాస్త సేపు పట్టింది. దాని అంచున చుక్క ఉంది.

"ఉన్నది చాచా! గదే జాగల ఉన్నది!"

ఆయన చేతులు తుడుచుకుంటున్నాడు. నక్షత్రం సంగతి అడగలేదు. "పలక మీద మచ్చలేమన్న ఉన్నయా?" అని అడిగాడు.

మూల నుంచి మూల దాకా, ఈసారి నిజంగా, చూశాను. "ఒక్కటి గూడ లేదు" అన్నాను. గోడకు ఆనుకుని, గట్టిగా ఊపిరి వదిలి, తడి చేతులతోనే ముఖం తుడుచుకున్నాడు.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను, ఎందుకంటే వాటిలో పెద్ద విశేషం లేదు. పెద్దసారు పంపిన టెలిగ్రాం అందుకుని, మా కన్నా పెద్ద దుర్భిణులున్నవాళ్లు అటు తిప్పి చూశారు, ఉందన్నారు. వేరే దేశంలో ఇంకొకరు కూడా దాన్ని చూశారు, మా పలకలు తీసిన కొన్నాళ్లకు. చుక్క ఇంకా వెలుగు పుంజుకుంటున్నప్పటి సాక్ష్యం మా రెండు పలకల్లోనే ఉందని మెచ్చుకున్నారు. పెద్ద దుర్భిణి మాత్రం వికారాబాదుకూ రాలేదు, తాండూరుకూ రాలేదు. చాచా ఇంకో రెండేళ్లు మాతోనే పనిచేసి, ఉద్యోగం నిండాక పూలదండతో ఇంటికి పోయాడు. కావలి కాకా గొంగడి నేనే తీసుకుపోయి ఇచ్చాను.

చెప్పాల్సింది ఆ శనివారం సాయంత్రం సంగతి. పెద్దసారు స్టేషను నుంచి సరాసరి మకాముకు వచ్చారు. నేను రెండు పలకలూ పక్కపక్కన పెట్టి, నిరుటి పలక కూడా పెట్టి చూపించాను. ఆయన కోటు కూడా విప్పకుండా కూర్చున్నారు. చుట్టూ ఉన్న చుక్కల నుంచి కొత్తదాని దూరాన్ని మూడుసార్లు కొలిచారు. రెండు పలకల మీదా ఒకటే కొలత. లేచి, కళ్లద్దాలు తీసి, కిటికీ దాకా పోయి వచ్చారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

"ఈ రెండోది కడిగిందెవరు?"

"చాచా, సార్."

ఉత్తరువు ధిక్కరించామని ఆయనకు తట్టిందో లేదో గానీ, చాచాను పిలిపించారు. జేబులోంచి ఆ కాగితం తీయించి, అక్కడే నాలుగు ముక్కలు చేశారు. తర్వాత తన భూతద్దం చాచా చేతిలో పెట్టారు. "మీ చేతుల మీద తేలిన చుక్క. మొదట మీరే చూడాల్సింది. చూడండి."

చాచా బల్ల మీదికి వంగాడు. భూతద్దం పలక మీద కూడా లేదు, పక్కన పాలగాజు మీద ఆనించాడు. ఒక్కమాట చాలు. చూసిన సాబ్, మస్తుగున్నది, అంటే సరిపోతుంది. కాగితం చిరిగిపోయింది, పెద్దసారు సంతోషంలో ఉన్నారు, ఆ గదిలో ఎవరూ ఆయన్ని అనుమానించడం లేదు. అలా అనమని మనసులో ఎంత వేడుకున్నానో నాకే తెలుసు.

ఆయన నిటారుగా లేచి నిలబడ్డాడు.

"నాకు కనవడదు సాబ్. కండ్లకు పొర వచ్చి ఆర్నెల్లాయె. మీకు చెప్పకుంట దాచిన. గది నా తప్పు. పని మాత్రం చేతులతోని సాఫుగనే చేసిన. నాలుగు మచ్చలు నాయే, మిగిలినయి నాయి కావు."

పెద్దసారు ఆయన కళ్లలోకి చూశారు. నాకు ఇంక ఊరుకోవడం చేతకాలేదు. ఆ ముసలాయన పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డదాని ముందు నేను మూడు రోజులుగా దాచుకున్నది ఎంత?

"సార్, ఆ పట్టిక రాసింది నేనే. మిగతావి ఎలా వచ్చాయో ఆలోచించకుండా రాశాను. పదకొండోదాన్ని పాత పలకతో పోల్చకుండానే మచ్చ అని రాశాను. చాచా అడిగితే ఆఫీసులో రాశారని అబద్ధం చెప్పాను."

"నీ కళ్లకు పొర ఏమీ లేదు కదా?" అన్నారు పెద్దసారు.

"లేదు సార్."

అంతకన్నా ఆయన నన్నేమీ అనలేదు. అనివుంటే బాగుండేది. చాచా వైపు తిరిగి, "తాండూరు పెట్టెలో ఇంకా అయిదు పలకలున్నాయట. సోమవారం ఎవరు కడుగుతారు?" అని అడిగారు.

"నేనే కడుగుత సాబ్."

పెద్దసారు తలూపి, టెలిగ్రాం రాయడానికి తన గదిలోకి పోయారు. ఇద్దరం మిగిలాం. చాచా కాళ్ల మీద పడదామనిపించింది. పడలేదు. తల వంచుకుని, "నేనే రాసిన చాచా. నీకు అబద్ధం చెప్పిన" అన్నాను.

"నాకెరుకే బేటా. పలకలున్న బీరువ తాళం నీ తాననే ఉంటది గద."

"ఎరుకుండి మల్ల నా తానికే ఎందుకొచ్చినవ్?"

ఆయన చేత్తో బల్ల అంచు వెతుక్కుని, భూతద్దాన్ని దాని చోట జాగ్రత్తగా పెట్టాడు.

"తప్పు చూసినోడే గద మల్ల సరిగ చూడాలె" అన్నాడు. "గందుకే నీ తానికొచ్చిన."